మూడు సెంటీమీటర్లకు ఏమవుతుంది సార్?



వచ్చే నెల ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని థీమ్ పార్కుకు తీసుకెళ్తున్నాం. సమ్మతి పత్రాలు డైరీల్లో పెట్టి పంపాం. కొన్ని సంతకాలతో తిరిగొచ్చాయి కూడా. పదకొండేళ్ళుగా ఈ యాత్రలకు పిల్లల వెంట వెళ్తున్న ఫిజిక్స్ మాస్టారిని నేను. మిగతావాళ్ళు సంతకం పెట్టే ముందు ఒక విషయం మాట్లాడాలని ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

కిందటేడు జరిగిన సంగతి ఇది. పెద్ద రోలర్ కోస్టర్ వరస మొదట్లో గోడ మీద ఒక గీత ఉంటుంది. తల ఆ గీతను తాకితేనే లోపలికి. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు గీతకు సరిగ్గా సరిపోయాడు. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయికి వాడి నడక తేడాగా కనిపించింది. "బాబూ, ఒకసారి షూస్ విప్పుతావా?" అంది. లోపల్నుంచి మడతలు పెట్టిన కాగితాలు బయటికొచ్చాయి. మన వీకెండ్ టెస్టు ప్రశ్నపత్రాలే. అవి తీసేసి నిలబెడితే వాడి ఎత్తు 137 సెంటీమీటర్లు. కావలసింది 140. వెనక నిలబడ్డ ముప్ఫై మందీ ఒకటే నవ్వు. పక్కకు తీసుకొచ్చాక నాతో మెల్లగా చెప్పాడు, "నాన్నే పెట్టారు సార్" అని.

రాత్రి క్యాంపస్ గేటు దగ్గర పిల్లల్ని అప్పగిస్తుంటే ఆ నాన్నగారు నన్నే అడిగారు. "మూడు సెంటీమీటర్లకు ఏమవుతుంది సార్? మీరొక్క మాట చెప్తే వదిలేవాళ్ళు కదా!" ఆయన మీద నాకు కోపం లేదు. కొడుకు స్నేహితుల ముందు తగ్గకూడదని అనుకున్నారు, అంతే. ఆ హడావుడిలో సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

మామూలు రోలర్ కోస్టర్ బండికి ఇంజిన్ ఉండదు. గొలుసు ఒకటి దాన్ని మొదటి గుట్ట మీదికి లాక్కెళ్ళి వదిలేస్తుంది. ఆ తరవాతి పరుగంతా ఆ ఎత్తు ఇచ్చిందే. 20 మీటర్ల నుంచి జారితే, రాపిడిని పక్కన పెడితే, అడుగుకొచ్చేసరికి వేగం గంటకు 71 కిలోమీటర్లు. బక్కవాడికీ బొద్దువాడికీ అదే వేగం.

మీ ఇంట్లో ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం ఉంటే నిలువు వలయం లెక్క తెరిచి చూడండి. గోళీ వలయం మొత్తం తిరిగి రావాలంటే వ్యాసార్ధానికి రెండున్నర రెట్ల ఎత్తు నుంచి వదలాలి. ఇది మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ లెక్క రెండో సగం మాత్రం ఎవరూ పట్టించుకోరు. అలా వదిలిన గోళీ వలయం అడుగున తన బరువుకు ఆరు రెట్లు బరువున్నట్టు నొక్కుకుంటుంది. గోళీకి మెడ లేదు కాబట్టి సరిపోయింది. 40 కిలోల పిల్లవాణ్ణి అక్కడ కూర్చోబెడితే ఆ క్షణం వాడికి 240 కిలోలున్నట్టు ఉంటుంది.

ఇది పుస్తకంలో ముచ్చట కాదు. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని ఒకటి కట్టారు. అచ్చం పుస్తకంలోలా గుండ్రటి వలయం. ఎక్కినవాళ్ళకు మెడలు పట్టేసేవి.  వలయాన్ని సరిగ్గా కట్టడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ వచ్చింది. దానికి లెక్కలు కట్టిన జర్మన్ ఇంజినీరు వెర్నర్ స్టెంగెల్ వలయాన్ని గుండ్రంగా కాకుండా కన్నీటి బొట్టు ఆకారంలో గీశాడు. అడుగున వంపు విశాలం, పైన బిగువు. అడుగున నొక్కుడు తగ్గిపోయింది. ఇవాళ పార్కుల్లో మీరు చూసే లూపులు దాదాపు అన్నీ ఆ ఆకారమే.

ఇంత శ్రద్ధగా లెక్క కట్టినవాళ్ళే సీటునూ, ఒంటి మీదికి దిగే కడ్డీనీ కూడా లెక్క కట్టారు. గుట్ట శిఖరం దాటి బండి కిందికి దూకుతున్నప్పుడు మనిషి సీటు మీంచి లేస్తాడు. అభిమానులు ఎయిర్‌టైమ్ అని పడి చచ్చేది ఆ లేవడం కోసమే. అప్పుడు మనిషిని ఆపేది తొడల మీద ఆనే కడ్డీ, లేదా భుజాల మీంచి దిగే చట్రం. పొట్టి పిల్లవాడికి కడ్డీ ఆనాల్సిన చోట ఆనదు, సందు మిగులుతుంది. భుజాల మీద ఉండాల్సిన చట్రం చెవుల దగ్గరికొస్తుంది, మలుపు తిరిగినప్పుడల్లా తల దానికి కొట్టుకుంటుంది. వీపు సీటుకు ఆనాలంటే కాళ్ళు నిలవవు. గీత గీసేటప్పుడు కాస్త జాగ్రత్త కలుపుకునే గీసి ఉంటారు, నిజమే. కానీ ఆ జాగ్రత్త మనం షూలో కాగితాలు పెట్టి వాడేసుకోవడానికి ఉంచింది కాదు. మూడు సెంటీమీటర్లకు ఏమీ కాకపోవచ్చు. ఎవరి కొడుకు విషయంలో కాదో, ఎవరి కొడుకు విషయంలో అవుతుందో ముందే చెప్పగలిగితే గీతే అక్కర్లేదు.

ఇంకో చిత్రం చూస్తుంటాను. మన దేశంలో చాలా పార్కుల్లో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. టికెట్ కిటికీ దగ్గర "కొంచెం వంగు నాన్నా" అన్న నోరే అరగంట తరవాత రైడ్ దగ్గర "మునివేళ్ళ మీద నిలబడు" అంటుంది. నవ్వొస్తుంది గానీ, పిల్లవాడు రెండు చోట్లా మన మొహమే చూస్తుంటాడు.

ఈమధ్య స్టాఫ్ రూమ్ బయట పిల్లల కబుర్లు వింటే ఈ ప్రపంచం వాళ్ళకు ఎంత తెలుసో అర్థమైంది. సౌదీలోని కిద్దియాలో 2025 చివరి రోజున తెరిచిన ఫాల్కన్స్ ఫ్లైట్ ఎత్తు 195 మీటర్లని, వేగం గంటకు 250 కిలోమీటర్లని గడగడా చెప్పేస్తున్నారు. 139 మీటర్ల కింగ్డా కాను 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చిన వీడియో చూడనివాడు లేడు. ఖోపోలీలో 2013 నుంచి తిరుగుతున్న నైట్రోలో కాళ్ళ కింద నేల ఉండదని, చెన్నై దగ్గర కొత్తగా వచ్చిన తండోరాలో పట్టాలు తల మీద ఉంటాయని, మన రావిర్యాల రీకాయిల్ ముందుకు వెళ్ళిన దారినే వెనక్కి వస్తుందని వాదించుకుంటున్నారు. చదువులో ఇంత జ్ఞాపకశక్తి ఎందుకు చూపించరో అది వేరే నెల రాస్తాను.

నా పాత విద్యార్థి ఒకడు ఒహాయోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఎండాకాలం వస్తే శనాదివారాలు సాండస్కీలోని సీడార్ పాయింట్ పార్కులోనే ఉంటాడు. అక్కడి మిలీనియం ఫోర్స్ 2000లో కట్టింది, 94 మీటర్లు. వెనక వరసలో కూర్చుంటే గుట్ట మీంచి ఈడ్చి పడేస్తుందని, ముందు వరసలో గాలి మొహానికి కొడుతుందని గంట సేపు ఫోన్లో చెప్తాడు. అమెరికాలో ఇలాంటి అభిమానులకు 1978 నుంచి ఒక సంఘమే ఉంది. ఎక్కిన ప్రతి కోస్టర్‌నూ క్రెడిట్ అని లెక్క రాసుకుంటారు. మనవాడు వందకు దగ్గర పడ్డాడట. అంత పిచ్చివాడు కదా, గీత దగ్గర ఎవరైనా గొడవ పెట్టుకుంటే మాత్రం వాడికి ఒళ్ళు మండుతుంది. "గీతలు లేకపోతే నేనే ఎక్కను సార్" అన్నాడు.

ఈ కుర్రాడు ఇక్కడ చదువుకున్నప్పుడు యాత్రలో ఒక్క రైడ్ కూడా ఎక్కలేదు. రోజంతా నా పక్కన బెంచీ మీద అందరి బ్యాగులూ కాపలా కాశాడు. నా వాచీ అడిగి తీసుకుని, బండి బయల్దేరిన దగ్గర్నుంచి మళ్ళీ వచ్చేదాకా ఎన్ని సెకన్లో నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరూ తరవాత ఇలా అవుతారని నేను అనను. కొందరికి జీవితంలో ఎప్పటికీ ఇష్టం ఉండదు. దానికేం?

ఇక నా తప్పు చెప్పాలి. చెప్పకుండా మీకు సలహా ఇస్తే బాగుండదు.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా ఒక ఊళ్ళో ఎగ్జిబిషన్‌కు వెళ్ళాం. అక్కడ చిన్న రోలర్ కోస్టర్. ఎత్తు సరిపోయింది. అన్నీ సరిపోయాయి, తనకు మాత్రం ఇష్టం లేదు. "వద్దు నాన్నా" అని మూడు సార్లు అంది. నేను "ఫిజిక్స్ మాస్టారి కూతురివి, నువ్వే భయపడితే ఎలా?" అన్నాను. వరసలో అందరూ వింటున్నారు. ఎక్కింది. ఒకటిన్నర నిమిషం. దిగాక ఏడవలేదు, అరవలేదు, అసలు మాట్లాడలేదు. మిరపకాయ బజ్జీ కొనిస్తే చేతిలో పట్టుకునే ఉంది, తినలేదు. తరవాత రెండేళ్ళు జాతరలో రంగులరాట్నం దగ్గరికి కూడా రాలేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. చాలా రోజులు, ఏదైనా వద్దనిపిస్తే నాతో చెప్పడం మానేసి వాళ్ళమ్మతో చెప్పేది. ఎక్కేముందు పట్టీ, కడ్డీ అన్నీ చూసుకున్నాను నేను. చూడాల్సింది చూడలేదు.

కాబట్టి యాత్రకు వచ్చే ప్రతి పిల్లవాడికీ బస్సులోనే ఒకటి చెప్తాను. చాలా పెద్ద కోస్టర్ల దగ్గర, గంట సేపు వరసలో నిలబడి బండి ముందుకొచ్చాక కూడా మనసు మారితే, ఎక్కకుండా పక్క తలుపులోంచి వెళ్ళిపోవచ్చు. విదేశీ అభిమానులు ఆ తలుపుకు వెటకారంగా పేరు కూడా పెట్టుకున్నారు. పేరు ఏదైతేనేం, ఆ దారి ఉన్నది వాడుకోవడానికే. ఆ దారిన వచ్చినవాణ్ణి చూసి నవ్వినవాడు తరవాతి రైడ్ నా పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. ఈ నియమం ఆరేళ్ళుగా ఉంది, బాగా పనిచేస్తోంది.

బొద్దుగా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు విడిగా ఒక మాట. భుజాల చట్రం లాక్ పడకపోతే దింపేస్తారు. బండి నిండా జనం చూస్తుండగా దిగి రావడం పద్నాలుగేళ్ళ వయసులో చిన్న విషయం కాదు. విదేశాల్లో పెద్ద కోస్టర్ల బయట నమూనా సీటు ఒకటి పెడతారు, ముందే కూర్చుని చూసుకోవచ్చు. మనం వెళ్ళే చోట అలాంటిది లేకపోతే, ఈసారి నేనే ముందు వెళ్ళి అక్కడివాళ్ళతో మాట్లాడి, ఆ పిల్లల్ని రద్దీ లేనప్పుడు కూర్చోబెట్టి చూపిస్తాను. పేరు కాగితం మీద రాయక్కర్లేదు, నాకు ఫోన్ చేసి చెప్పండి చాలు.

గుండె జబ్బు, ఫిట్స్, ఈమధ్య కట్టు విప్పిన చెయ్యి, మెడ నొప్పి, ఏది ఉన్నా దాచకండి. చెప్తే యాత్రకే తీసుకెళ్ళరని కొందరు దాస్తున్నారు. తీసుకెళ్తాం. ఏ రైడ్‌కు పంపకూడదో తెలుస్తుంది, అంతే. పొద్దున్నే పూరీలు కడుపు నిండా పెట్టి పంపేవాళ్ళకు కూడా చిన్న విన్నపం, రెండు ఇడ్లీలు చాలు.

అన్నకు సంతకం పెట్టి, అదే ఇంట్లో చెల్లెలి పత్రం మీద "రైడ్లు వద్దు" అని రాసినవి నా బల్ల మీద నాలుగు ఉన్నాయి. ఇద్దరి ఎత్తూ ఒకటే అయిన ఇల్లు కూడా అందులో ఉంది. కారణం ఏమిటో రాయలేదు. ఆ తల్లిదండ్రులను నేనే కలుస్తాను.

పిల్లల్ని అసలు పంపమనే వాళ్ళను బలవంతం చేయను. కానీ పంపితే బాగుంటుందని నా అభిప్రాయం. భయం వేసినప్పుడు ఎక్కాలా వద్దా అని సొంతంగా తేల్చుకునే అవకాశం మన పిల్లలకు సంవత్సరంలో ఎన్నిసార్లు వస్తుంది? ర్యాంకు, సెక్షన్, స్టడీ అవర్ అన్నీ మనమే తేల్చేస్తున్నాం. అందులో మన బడి వాటా కూడా తక్కువేమీ కాదు, అది నాకు తెలుసు. ఆ ఒక్క రోజుకు వాళ్ళని వదులుదాం.

ఇప్పుడున్న సమ్మతి పత్రంలో రెండే గడులున్నాయి, "అన్ని రైడ్లకూ అనుమతి" అని ఒకటి, "అనుమతి లేదు" అని ఒకటి. రెంటి మీదా మీ సంతకమే. దాని కింద పిల్లలే స్వయంగా రాయడానికి ఒక వరస చేర్చాలని ప్రిన్సిపల్ మేడమ్‌ను అడిగాను, ఒప్పుకున్నారు. కొత్త పత్రం సోమవారం డైరీలో వస్తుంది. పాతదాని మీద సంతకం పెట్టినవాళ్ళు కూడా మళ్ళీ పంపాలి. ఆ వరసను దయచేసి మీరు పూరించకండి. వాళ్ళు "తెలీదు, అక్కడ చూసి చెప్తా" అని రాసినా సరే.

ఎత్తు రాసే గడి కూడా ఉంటుంది. షూ లేకుండా, మడమలు గోడకు ఆనించి కొలవండి. మా పీఈటీ సార్ బస్సు ఎక్కే ముందు మళ్ళీ కొలుస్తారు, సాక్సుతోనే.