మందుల చీటీకి తాళం వద్దా?

మందుల షాపులో మనం చీటీ మడిచి ఇస్తాం. నెలసరి మందో, దిగులుకి వేసుకునే మాత్రో, పక్కవాళ్ళ కంట పడకూడదనే కదా! మా చీరాల లాంటి ఊళ్ళో ఏ షాపుకెళ్ళినా తెలిసిన మొహం ఒకటి ఎదురవుతుంది.

మరి 2018 జూన్‌లో బయటపడింది చూడండి. మన రాష్ట్రంలో అన్న సంజీవని జనరిక్ మందుల షాపుల అమ్మకాలు పర్యవేక్షించే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, కొన్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్ళు కొన్న మందులు ఎవరు చూసినా కనిపించాయి. దీన్ని దొంగతనం అనడానికి లేదు. అసలు తాళమే వెయ్యలేదు.

"దాచుకోవడానికి ఏముంది?" అంటారు కొందరు. దాచుకునేదల్లా తప్పు పని కాదండీ. పెళ్ళి సంబంధాలు చూస్తున్న పిల్ల వాడే మందు ఊరికి తెలిస్తే నష్టపోయేది ఎవరు?

ఏ మందు ఎంత అమ్ముడైందో చూసే అధికారికి అంకెలు చాలు, మన పేర్లు అక్కర్లేదు. మన ఇంట్లో పోపుల డబ్బా అందరికీ అందుతుంది, బీరువా తాళాలు మాత్రం కొంగునే ఉంటాయి. ఆ పాటి తేడా ప్రభుత్వానికీ తెలియాలి.

2023లో వ్యక్తిగత డేటా రక్షణకి చట్టం చేశారు. మనమూ ఒక అలవాటు చేసుకుందాం. ఫోన్ నంబరు అడిగినప్పుడు "ఎందుకండీ, ఎవరు చూస్తారు?" అని అడిగాకే చెబుదాం.