మలక్‌పేట పిల్ల గెలిచింది సరే, ఆమె మాట విన్నామా?

2025 నవంబర్ 5 పొద్దున టీ ఇంకా పొయ్యి మీదనే ఉంది, ఫోను మోగుతూనే ఉంది. మన హైదరాబాద్ ఆడబిడ్డ గజాలా హష్మీ అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిందట. మలక్‌పేటలో అమ్మమ్మ తాతయ్యల ఇంట్లో ఉండి, నాలుగేళ్లప్పుడు అమెరికా పోయిన పిల్ల. మా చుట్టాల గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలే. నేనూ ఒకటి పెట్టాను, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక కూర్చుని వార్తలన్నీ చదివాను. ఎక్కడ పుట్టింది, తాతయ్య ఏం చేసేవాడు, అన్నీ ఉన్నాయి. ఆ రాష్ట్ర జనం ముందు నిలబడి ఆమె ఏం మాట్లాడిందో మాత్రం నేను చదివిన వాటిలో ఒక్క ముక్క లేదు. పెళ్లిలో పిల్ల ఎవరి బిడ్డో అడుగుతారు గానీ పిల్లను మాట్లాడనియ్యరు కదా, అట్లుంది.

ఆమె దాదాపు ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పిన టీచరు. 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో మున్సిపాలిటీ ఆఫీసు బిల్డింగులో ఒకడు తుపాకీతో 12 మందిని చంపాడు. జూలైలో అప్పటి గవర్నర్ తుపాకుల మీద చట్టాల కోసం ప్రత్యేకంగా అసెంబ్లీ పిలిచాడు. గంటన్నరలో వాయిదా వేసుకొని వెళ్లిపోయారు. గంటన్నర! మా దగ్గర పసుపు ఉడకబెట్టడానికి కూడా అంతకన్నా ఓపిగ్గా కూర్చుంటారు. ఆ ఏడాది నవంబర్‌లోనే ఈ టీచరమ్మ తొలిసారి పోటీ చేసి, తుపాకుల మాట, వైద్యం మాట, బడుల మాట ఎత్తి సెనేట్‌కు గెలిచింది. సభలో మెజారిటీ మారింది. 2020లో తుపాకీ కొనే ప్రతివాడి వెనక చరిత్ర చూడాలని, నెలకు ఒక్క చేతి తుపాకీ కన్నా ఎక్కువ కొనొద్దని, ప్రమాదం అనుకున్న మనిషి దగ్గరి తుపాకీ కోర్టు చెప్తే తీసుకోవచ్చని చట్టాలొచ్చాయి. తర్వాత గవర్నర్ మారాడు. 2024 మార్చిలో తుపాకుల మీద 30 బిల్లులు వెనక్కి కొట్టాడు. అయినా వదల్లేదు వాళ్లు.

ఇదంతా ఆర్మూర్‌లో ఉన్న నీకెందుకమ్మా అంటారేమో.

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉన్నాడు. ఎమ్మెస్ అయిపోయింది, ఉద్యోగం దొరకలేదు, రాత్రిపూట ఒక గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో నిలబడతాడు. 2024 నవంబర్‌లో చికాగోలో ఖమ్మం పిలగాడు ఇట్లాంటి చోటనే కాల్పుల్లో పోయాడు. 2025 అక్టోబర్‌లో డల్లాస్‌లో హైదరాబాద్ పిలగాడు, మళ్లీ గ్యాస్ స్టేషనే. 2023 మేలో అదే టెక్సాస్‌లో ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోతే, అందులో మన హైదరాబాద్ ఇంజనీరమ్మాయి ఒకతి. 2023లో అమెరికాలో తుపాకీకి పోయినవాళ్లు 46 వేల పైనే, అందులో సగానికి పైగా తమను తామే కాల్చుకున్నవాళ్లు.

అక్టోబర్ వార్త విన్న రోజు మా అక్కతో అన్నాను, "పిలగాన్ని వచ్చేయమను." అక్క నా మొహం కూడా చూడలేదు. "ముప్పై లచ్చల అప్పుందే. వచ్చి ఏం జేస్తడు ఈడ? రాత ఎట్లుంటే గట్లయితది."

ఈ రాత అనే మాట మీదనే నా కోపమంతా. గంటన్నరలో సభ మూసుకుపోవడం రాతనా? చేతులెత్తిన మనుషులు చేసిన పని అది. మళ్లీ మనుషులే చేతులెత్తి మార్చారు. రాత్రి పన్నెండింటికి గల్లా పెట్టె వెనక ఎవరు నిలబడతారో కూడా రాత కాదు. అప్పున్న పిల్లలు నిలబడతారు. చదువుకునే వీసా మీద క్యాంపస్ బయట ఇష్టమొచ్చిన పని చేయకూడదని రూలు, అందుకే బెదిరించినా, జీతం ఎగ్గొట్టినా నోరెత్తరు చాలామంది. తుపాకీ మాట, పేదోడి బతుకు మాట ఒకే మనిషి నోట రావడం నాకు వింతగా అనిపించలేదు. రెండూ ఒకే కౌంటర్ దగ్గర కలుస్తున్నాయి.

ఇక మన నాయకుల సంగతి. మన దగ్గర లైసెన్సు లేకుండా తుపాకీ ముట్టే వీల్లేదు, ఎలక్షన్లు వస్తే లైసెన్సువి కూడా స్టేషన్‌లో పెట్టాల్సిందే. ఆ మట్టుకు మనం నయం. కానీ మన నాయకుల నోట తుపాకీ మాట ఎప్పుడొస్తుంది? నాకు గన్‌మెన్లను తగ్గించారు, నాకు పెంచండి అన్నప్పుడే ఎక్కువ! మన పిల్లల శవాలు పెట్టెల్లో వచ్చినప్పుడు ఒక సంతాపం, ఒక ట్వీటు, శవం తెప్పిస్తామన్న హామీ. ఇక్కడ కన్సల్టెన్సీలు అప్పు ఇప్పించి మరీ పిల్లల్ని ఎట్లా ఎక్కిస్తున్నాయని అసెంబ్లీలో గట్టిగా అడిగినవాళ్లు నాకైతే గుర్తుకు రావడం లేదు.

పెట్టెలు మనకు కొత్తా? గల్ఫ్ నుంచి మా చుట్టుపక్కల ఊళ్లకు ఎన్నేళ్లుగా వస్తున్నాయో మా ఆడవాళ్లకు తెలుసు. చనిపోయిన గల్ఫ్ కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని సర్కారు ఆర్డర్ తెచ్చింది 2024లో. అన్నేళ్లు ఆ భార్యలు ఏం చేశారు? చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టి పిల్లల్ని సాకారు. 2025లో ఆ బీడీ పింఛను 2,016 రూపాయలు. 4,000 చేస్తామని 2023లో ఓట్లడిగారు, 2025 నవంబర్‌లో కూడా అది 2,016 దగ్గరే ఉంది. మా ఎదురింటి అవ్వ ప్రతి నెలా పైసలు లెక్కపెట్టి, "ఈసారి గూడ గంతేనా బిడ్డా" అని నన్నడుగుతుంది, నేనేదో దాచుకున్నట్టు.

వర్జీనియాలో ఆమె గెలిచినందుకు నాకూ సంతోషమే. కానీ మలక్‌పేట పేరు చెప్పుకొని మురిసే మన ఎమ్మెల్యేలను నేనడిగేదొకటే. ఆమెలాగా మీరు కూడా ఒక్కసారి లేచి నిలబడి, మా ఇళ్లలో జరిగేది సభలో మాట్లాడండి. ఈసారి ఇంటికి ఓటడగడానికి వచ్చినప్పుడు బొట్టు పెట్టి పంపించకుండా, ఇది అడగండి అక్కలారా. నేను అడుగుతా.

రాత్రి అక్కకు చెప్పకుండా పిలగాడికి ఫోన్ చేశాను. వాడికి అప్పుడు పొద్దున, డ్యూటీ దిగి రూముకు వస్తున్నాడు. "అప్పు సంగతి తర్వాత చూద్దాం, నువ్వొచ్చేయ్ రా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ ఏమంటది చిన్నమ్మా?" అన్నాడు.