అందరికన్నా మెల్లగా నడిచేవారితో నడుద్దాం



మా ఓ.పి.లో దాదాపు రోజూ వినిపించే మాట ఒకటుంది. "నడవమన్నారు గదండీ, నడిచాను. ఒక వారం నడిచాను, తర్వాత కుదరలేదు" అంటారు. తప్పు పూర్తిగా వారిది కాదు. ఒంటరిగా నడిచే మనిషికి మానెయ్యడం చాలా తేలిక. ఈ రోజు కాళ్లు నొప్పి, రేపు చుట్టాలు, ఎల్లుండి వాన. లేచి రమ్మని తలుపు తట్టేవారు ఉండరు. ఇక ఆడవారి సంగతి చెప్పనక్కరలేదు. తెల్లవారకముందు ఒంటరిగా రోడ్డెక్కాలంటే కుక్కల భయం, లారీల భయం, నలుగురూ ఏమనుకుంటారోననే భయం.

అందుకే మూడేళ్ల క్రితం మా సంఘ కుటుంబాలు కొన్ని, ఆసుపత్రి సిబ్బందిలో కొందరం, ఓ.పి.కి వచ్చే షుగరు, బి.పి. ఉన్నవారు కొందరు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎండలు లేని నెలల్లో, నెలకొక శనివారం, అందరం కలిసి ఒక కొండకు నడిచి వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. రాత్రి బసలు, పెద్ద బరువులు ఏమీ లేవు. ఆదివారం ఆరాధనకు అడ్డు రాదు.

ఇలాంటి గుంపులో చేరండి, లేదా మీ సంఘంలోనే ఒకటి మొదలుపెట్టండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాం. అయితే గుంపు అయినంత మాత్రాన అది మంచి గుంపు కాదు. అందరికన్నా మెల్లగా నడిచే మనిషి అడుగునుబట్టి మిగతా అందరూ నడిచే గుంపే మంచి గుంపు అని మా అభిప్రాయం. ఈ మాట మేము ఏదో చదివి చెప్పడం లేదు. తప్పు చేసి నేర్చుకున్నాం.

కొండవీడు దారిలో

మా మొదటి నడక కొండవీడుకు. గుంటూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరం. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు రాజధాని చేసుకున్న కోట అది. కొండమీద చెరువులున్నాయి, దారి పొడవునా సీతాఫలం చెట్లున్నాయి. ఇప్పుడు వాహనాలు వెళ్లే ఘాట్ రోడ్డు ఉన్నా, మేము పాత కాలిదారిన ఎక్కాలనుకున్నాం. నవంబరు నెల, చల్లని ఉదయం. ప్రార్థన చేసుకుని బయలుదేరాం.

అరగంట గడిచేసరికి ఇరవై ఆరుగురం మూడు ముక్కలయ్యాం. యౌవనస్థులు ముందుకు దూసుకుపోయారు. నడివయసువారం మధ్యలో ఉన్నాం. రిటైరైన మాస్టారు ఒకరు బాగా వెనుకబడ్డారు. ఒక కుర్రవాడు వెనక్కి తిరిగి, "మాస్టారూ, మీరు మెల్లగా రండి, మేము పైన ఎదురు చూస్తుంటాం" అని కేకేశాడు. ప్రేమతోనే అన్నాడు. మాస్టారు కూడా చెయ్యి ఊపి, వెళ్లమన్నారు.

మాస్టారికి పన్నెండేళ్లుగా షుగరు. ఆ ఉదయం ఎప్పటిలాగే మాత్ర వేసుకున్నారు. టీ మాత్రమే తాగారు. ఎందుకంటే "టిఫిను కొండ పైన" అని ముందురోజు ప్రకటించింది మేమే. ఆ ఉప్మా పొట్లాలు, నీళ్ల సీసాలు ఉన్న సంచులు బలంగా ఉన్నారని యౌవనస్థులకే ఇచ్చాం. అవి వారితో పైకి వెళ్లిపోయాయి. మాతో వచ్చిన నర్సమ్మ కూడా ముందు వరుసలోనే ఉన్నారు.

మాస్టారికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఎక్కడం వల్లనేననుకుని ఇంకాస్త నడిచారు. తర్వాత దారి పక్క రాతిమీద కూలబడిపోయారు. ఆయనకన్నా వెనుక, మోకాళ్ల నొప్పులతో వస్తున్న స్త్రీల సమాజం సహోదరీలు ఇద్దరు ఆయన్ను చూశారు. పలకరిస్తే మాట తడబడుతోంది. వారిలో ఒకరు గొంతు కోసం కొంగున కట్టుకున్న పటికబెల్లం ముక్కలు ఆయన నోట పెట్టారు. పావుగంటకు ఆయన తేరుకున్నారు.

ప్రభువు కాపాడాడని అందరం అన్నాం. నిజమే. కాని ఆయన్ను చూసుకునే పని మాకు అప్పగించబడిందనీ, ఆ పని మేము చేయలేదనీ కూడా ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం క్షమాపణ అడగడానికి వారి ఇంటికి వెళ్లాం. ఆయన భార్య మమ్మల్ని ఏమీ అనలేదు. "మీ అందరితో వస్తున్నారని ధైర్యంగా పంపానండి" అన్నారు. ఆ ఒక్క మాట మాకు చాలింది.

యాకోబు చెప్పిన జవాబు

తర్వాతి ఆదివారం అయ్యగారు ఆదికాండము 33వ అధ్యాయం చదివించారు. ఏశావు తన అన్నదమ్ముల ప్రయాణం కలిసి సాగాలని అంటాడు. యాకోబు దానికి ఒప్పుకోడు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చే పశువులున్నాయి, ఒక్క రోజు వడిగా తోలినా అవి చస్తాయి, కాబట్టి పశువుల నడకనుబట్టీ, పిల్లల నడకనుబట్టీ మెల్లగా వస్తానంటాడు. ఆ మాట మేము చిన్నప్పటినుండి విన్నదే. కొండవీడు దారి తర్వాత అది మాకు వేరుగా వినిపించింది. "మెల్లగా రండి" అనడం వేరు, మెల్లగా నడవడం వేరు. మొదటిది మర్యాద. రెండోదే సహవాసం.

అప్పటినుండి మా పద్ధతి మార్చుకున్నాం. మీ సంఘాలకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

1. మెల్లగా నడిచేవారు దారి చూపేవారి వెనుకే, ముందు వరుసలో ఉంటారు. వారిని దాటి ఎవ్వరూ వెళ్లకూడదు.

2. అందరికన్నా చివర, ప్రథమ చికిత్స తెలిసినవారు ఒకరు నడుస్తారు. వారి వెనుక ఎవ్వరూ ఉండకూడదు.

3. టిఫిను తిన్నాకే నడక. ఉపవాసం ఉన్నవారు ఆ రోజు రారు.

4. ఎవరి నీళ్లు, ఎవరి తిండి వారి సంచిలోనే. బరువు మోయలేనివారి సంచి మోసే యౌవనస్థుడు వారి పక్కనే నడవాలి.

5. ఆగిన ప్రతిచోటా తలలు లెక్క పెడతాం.

6. తొమ్మిదిన్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరుగుతాం. పైకి చేరామా లేదా అన్నది లెక్కలోకి రాదు.

ఆరవ నియమం దగ్గర యౌవనస్థులు గొణిగారు. "ఇంతదూరం వచ్చి పైకి పోకుండానే దిగడమేమిటండీ?" అన్నారు. జనవరిలో మళ్లీ కొండవీడుకే వెళ్లినప్పుడు సగం దారిలోనే టైము అయిపోయింది. అక్కడే చెట్టు నీడన కూర్చుని తిన్నాం, పాటలు పాడుకున్నాం, దిగాం. భర్త పోయాక గుడికి తప్ప గడప దాటని ఒక సహోదరి ఆ రోజు దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. పైకి చేరని ఆ నడకే మాకు అన్నిటికన్నా మంచి నడక అనిపిస్తుంది. ఫిబ్రవరిలో మాస్టారు తిరిగి వచ్చారు.

రోడ్డు మీద నడిస్తే చాలదా?

ఇలా అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పెద్దవారు వారానికి కనీసం 150 నుండి 300 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. నెలకొక కొండ ఎక్కితే ఆ లెక్క పూర్తి కాదు. కాని మేము చూసింది ఏమిటంటే, కొండమీద స్నేహమైనవారు ఊళ్లో కూడా కలిసి నడుస్తున్నారు. ఒకే వీధి ఆడవారు ముగ్గురు నలుగురు కలిసి ఉదయం బయలుదేరుతున్నారు. రానివారి తలుపు తట్టేవారు ఇప్పుడున్నారు. కొండ నెలకొకసారే, దాని ఫలం మాత్రం రోజూ ఉంది.

ఒక మాదిరి శ్రమ అంటే ఎంత? నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని కీర్తన పాడడానికి ఊపిరి చాలకూడదు. నాలుగు మాటలు చెప్పడానికే ఆయాసం వస్తుంటే అది ఎక్కువైనట్టు. ఈ కొలతకు యంత్రం అక్కరలేదు, పక్కన మనిషి ఉంటే చాలు.

బయటి గుంపుల్లో చేరేవారికి

హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు అక్కడి ట్రెక్కింగ్ గుంపులతో కొండలకు వెళ్తున్నారు. మంచిదే. కొత్త ఊళ్లో ఒంటరితనానికి అదొక మందు. అయితే 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది మరువరాదు. కొండ దిగుతున్న ట్రెక్కింగ్ బృందాలను అడవి మంట చుట్టుముట్టింది. 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది చిన్న వయసువారే. ఎండిన గడ్డి ఉండే నెలల్లో కొండ అడవి ఎంత ప్రమాదమో అది చూపింది.

కాబట్టి చేరేముందు అడగండి. ఎంత దూరం, ఎంత ఎత్తు? అటవీ శాఖ అనుమతి ఉందా? ఎందరు వస్తున్నారు? ప్రథమ చికిత్స ఎవరికి వచ్చు? చివరిగా, ముఖ్యంగా, "వెనుకబడినవారితో ఎవరుంటారు?" అని అడగండి. ఈ ఆఖరి ప్రశ్నకు తడుముకునే గుంపుతో వెళ్లకండి. వెళ్లినప్పుడు ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

రోగులకు కొన్ని జాగ్రత్తలు

షుగరు ఉన్నవారు: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందులు వాడేవారికి నడకలో చక్కెర బాగా పడిపోవచ్చు. నడక ముగిసిన తర్వాత, ఆ రాత్రి కూడా పడిపోవచ్చు. మందు మీ అంతట మీరు మానవద్దు, తగ్గించవద్దు. ముందే మీ డాక్టరును అడగండి. చెమట, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే వెంటనే ఆగి, మూడు చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని నీళ్లలో తాగాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగాలి. తగ్గాక ఏదైనా తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. పాదాలకు స్పర్శ తగ్గినవారు మెత్తని సాక్సులు, మూసిన బూట్లు వేసుకుని, ఇంటికి రాగానే వేళ్ల మధ్య కూడా చూసుకోవాలి. పాదంమీద పుండు ఉంటే మానేదాకా నడకకు రావద్దు.

గుండె జబ్బు, అదుపులో లేని బి.పి., ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు డాక్టరు అనుమతి తీసుకునే రావాలి. రెండంతస్తుల మెట్లు ఆగకుండా, ఛాతీలో నొప్పి లేకుండా ఎక్కలేనివారు కొండకు రాకముందు మా దగ్గరికి రండి. దారిలో ఛాతీ పట్టేసినట్టుంటే "కాసేపట్లో తగ్గుతుందిలే" అనుకోకండి. నడక ఆపి 108కి ఫోను చేయించండి.

మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. చేతికర్ర తెచ్చుకోండి, చిన్న అడుగులు వేయండి.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు మందు దొరికే ఆసుపత్రికి త్వరగా చేర్చాలి.

చివరి మాట

"నాకు వయసైపోయింది, నేను వస్తే మీకు ఆలస్యం" అని చాలామంది పెద్దవారు మాతో అంటారు. అమ్మా, అయ్యా, మీరు వస్తే ఆలస్యమవుతుంది, నిజమే. ఆ ఆలస్యం మాకు కావాలి. మీరు లేకపోతే మేము మళ్లీ పరుగులు పెడతాం, మళ్లీ ఎవరినో ఒకరిని దారిలో వదిలేస్తాం.

యౌవనస్థులకు కూడా ఒక మాట. మీ బలం ముందుకు పోవడానికి మాత్రమే ఇవ్వబడలేదు. పక్కన ఉండడానికి కూడా ఇవ్వబడింది. ఆ రోజు మాస్టారిని కేకేసిన కుర్రవాడే ఇప్పుడు ప్రతి నడకలో అందరికన్నా చివర నడుస్తాడు. ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు. అడిగి తీసుకున్నాడు.

ఈ ఎండలు తగ్గి, వానలు వెళ్లాక మళ్లీ బయలుదేరతాం. రాదలచినవారు ఓ.పి. చీటీలు ఇచ్చేచోట పేరు, వాడుతున్న మందులు చెప్పండి. కొండ ఎక్కడికీ పోదు, మనం కలిసి మెల్లగానే వెళ్దాం.