తేరని నీళ్ళు

వానాకాలంలో చెరువు నీళ్ళు బిందెలో పోసి కదలకుండా ఉంచండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది. ఎర్రదనం మాత్రం మర్నాటికి కూడా పోదు. ఎందుకని అడిగితే, "మన్ను తేలిక కనుక" అని తరగతి అంతా ఒకే గొంతుతో అంటుంది. నన్నడిగితే అది సగం జవాబే.

ఎర్రమట్టి రేణువుల మీద ఐరన్ ఆక్సైడు పూత ఉంటుంది. దాని ఉపరితలం నిండా హైడ్రాక్సిల్ సమూహాలే. కుళ్ళిన ఆకులూ అలములనుంచి హ్యూమిక్ ఆమ్లాలనే కర్బన ఆమ్లాలు నీటిలోకి వస్తాయి. వాటి కార్బాక్సిల్ సమూహాలు కొన్ని హైడ్రాక్సిళ్ళను తప్పించి, ఆ చోట ఇనుముతో బంధం కలుపుకుంటాయి. ఇది అధిశోషణం. స్పంజి నీటిని లోపలికి పీల్చుకోవడం శోషణం. (ఈ రెంటినీ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవారు ఏటా ఉంటారు!) ఆమ్లం అంటుకున్న రేణువుకు రుణావేశం వస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. ముద్దకట్టవు కనుక దిగవు.

మన పెద్దలు ఈ నీళ్ళలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. సూడాన్ పల్లెల్లో స్త్రీలు మునగ గింజల పొడి వాడారు. మునగ గింజలో ఉండే ప్రోటీను ఒక సహజ పాలిమరు. దానికి ధనావేశం ఉంటుంది. అది మట్టి రేణువులపై అధిశోషణం చెంది వాటి ఆవేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగుతాయి. లీటరుకు ఒకటి రెండు గింజల పప్పు చాలు.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె ఈ ప్రయోగం చేసి, "మాస్టారూ, ఇరవై గింజలు వేస్తే నీళ్ళు తేరలేదండీ" అంది. "సరిగా కలిపి ఉండవు" అని రికార్డులో ఆ వరుస కొట్టేశాను. నిజానికి ఆమె మంచినీళ్ళలో కూడా ఇరవై గింజల పొడి కలిపి పక్కన పెట్టుకుంది. ఆ గ్లాసు తెల్లగా మసకబారింది. మట్టినీళ్ళ గ్లాసు మాత్రం ఎర్రగానే నిలిచింది. అంటే పొడి మసకే కాదు, మన్ను కూడా దిగలేదన్నమాట.

తప్పు నాదే. పాలిమరు మితిమీరితే రేణువు ఉపరితలమంతా కప్పేస్తుంది. ఈసారి ప్రతి రేణువుకూ ధనావేశం! మళ్ళీ వికర్షణే, మళ్ళీ మురికే. పటికతోనూ ఇలా జరగవచ్చు.

మా ఉపాధ్యాయులం ఒక చెడ్డ అలవాటు చేశాం. పుస్తకంలో ఉన్న ఫలితమే రికార్డులో ఉండాలంటాం. అందుకే నీళ్ళు తేరకపోయినా "తేరినవి" అని రాసే పిల్లలు తయారవుతున్నారు. రాని ఫలితాన్ని వచ్చినట్టు రాసినవారికే మార్కులు తగ్గించాలని నా అభిప్రాయం. కొందరు తోటి మాస్టర్లకు ఇది నచ్చదు. నచ్చకపోనీ.

మీరు నాలుగు గ్లాసుల్లో ఒకే మట్టినీళ్ళు తీసుకుని, పొడి కొంచెం కొంచెం పెంచుతూ కలపండి. గంట తరువాత ఏది కనబడితే అదే రాయండి. ఆ నీళ్ళు తాగవద్దు. తేరినంత మాత్రాన సూక్ష్మజీవులన్నీ పోవు, మరిగించవలసిందే.