గర్భిణి ముక్కు దిబ్బడ చిన్న విషయమా?

"కడుపుతో ఉన్నాక ఇవన్నీ మామూలే." ముక్కు దిబ్బడేసి, రాత్రంతా నోటితో గాలి పీల్చుకునే స్త్రీకి ఇంట్లో దొరికే జవాబు ఇది. మందుల షాపులో దొరికేది జలుబు బిళ్ళ. ఇల్లు ఆమె బాధను కొట్టిపారేస్తుంది, షాపు ఆమె గర్భాన్ని అడగనే అడగదు.

గండికోట చూడటానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఆ చుట్టుపక్కల జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాయి దుమ్ము, సిమెంటు దుమ్ము, కట్టెల పొయ్యి పొగ పీల్చే స్త్రీల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. దీనికి తోడు గర్భంలో హార్మోన్ల వల్ల, రక్తం పెరగడం వల్ల ముక్కు లోపలి పొర ఉబ్బుతుంది. జలుబు లేకుండానే సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ దిబ్బడ వారాల తరబడి ఉంటుంది. కాన్పయిన రెండు వారాల్లో సాధారణంగా తగ్గిపోతుంది. ఈ ఒక్క మాట చెబితే సగం భయం పోతుంది.

చాలా జలుబు బిళ్ళల్లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది. మొదటి మూడు నెలల్లోనూ, రక్తపోటు ఉన్నవాళ్ళూ డాక్టరును అడగకుండా వాడకూడదు. ముక్కులో వేసుకునే జైలోమెటజోలిన్ వంటి చుక్కలు మూడు రోజులు దాటి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది. ఐబుప్రోఫెన్ 20 వారాల తర్వాత బిడ్డ మూత్రపిండాలకు హాని చేయవచ్చు.

మరి చేయగలిగింది ఏమిటి? గ్లాసు నీళ్ళు మరగించి చల్లార్చి, పావు చెంచా ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవచ్చు. తల కింద ఇంకో దిండు పెట్టుకోవచ్చు. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె ఒళ్ళో పెట్టుకోకూడదు. జ్వరం, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, ముఖం వాపు ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇది ఉప్పునీళ్ళ చిట్కాతో అయిపోయే సంగతి కాదు. గర్భిణులకు ఇచ్చిన అధిక మోతాదు ఈస్ట్రోజన్-ప్రొజెస్టరాన్ మందులపై 1982లో నిషేధం ప్రకటించినా, కంపెనీలు కోర్టులకెక్కాయి. మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితేనే 1988లో అవి ఆగాయి. తెలుసుకునే హక్కు మనకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ మొదటి హక్కు సమాచారమే.

ప్రతి నెలా 9వ తేదీన జరిగే గర్భిణుల పరీక్షల్లో "ఊపిరి ఆడుతోందా? నిద్ర పడుతోందా? ఏ బిళ్ళ వేసుకుంటున్నావమ్మా?" అని అడగాలి. ఆశా కార్యకర్తకు ఈ విషయాలు తెలుగులో రాసి ఇవ్వాలి. దుమ్ములో, పొగలో పనిచేసే గర్భిణికి కూలి పోకుండా పని మార్చాలి. మన సంఘాల సమావేశాల్లో వేతనాలతో పాటు ఈ సంగతి కూడా చర్చకు రావాలి. ఊపిరి తీసుకోవడం కంటే మౌలికమైన హక్కు ఏముంది?