రేటు తర్వాత, ముందు బాడుగ అడగండి

2025 డిసెంబరు ఆఖర్లో మార్కాపురం జిల్లా అయింది. ఆ రోజు నుంచీ నాకు ఫోన్లే ఫోన్లు. ఇంజనీరింగులో నాతో పాటు చదివినవాళ్ళు, పాత కంపెనీలో పక్క సీటువాళ్ళు, ఆఖరికి డల్లాస్‌లో ఉండే మా బావ కూడా. అందరిదీ ఒకటే ప్రశ్న: "మీ ఊళ్ళో సెంటు ఎంత పలుకుతోంది? ఇప్పుడో ప్లాటు కొని పడేస్తే ఐదేళ్ళకి ఎంతవుద్ది?"

ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా "మీ ఊళ్ళో రెండు గదుల ఇంటికి బాడుగ ఎంతొస్తుంది?" అని అడగలేదు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదీ అని నా అభిప్రాయం. (మాది 1970 దాకా కర్నూలు జిల్లా. అందుకేనేమో గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు ఇప్పటికీ అద్దె కన్నా బాడుగ అన్న మాటే నోటికొస్తుంది.)

రేటు అనేది ఎదుటివాడి ఆశ. బాడుగ అలా కాదు, ఒక మనిషి తన జీతంలోంచి తీసి నెలనెలా ఇచ్చే డబ్బు. ఆశకి హద్దు లేదు, జీతానికి ఉంది. అందుకే బాడుగ అబద్ధం చెప్పదు.

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు లెండి. డబ్బు కట్టి నేర్చుకున్నా. 2008లో ఊరి బయట ఒక వెంచర్లో ప్లాటు కొన్నాను. అప్పుడు చెప్పిన కారణాలు వెలిగొండ, రైలు, హైవే. బ్రోషర్లో పార్కు, నలభై అడుగుల రోడ్డు, నవ్వుతున్న ఒక కుటుంబం కూడా ఉన్నారు. ఇప్పటికీ అక్కడ ఉన్నది చిల్లచెట్లు. పండక్కి ఊరెళ్ళినప్పుడల్లా కూలీలకి డబ్బులిచ్చి కొట్టిస్తా, మళ్ళీ పండక్కి మళ్ళీ మొలుస్తాయి. ఒకసారి హద్దురాళ్ళు కనపడక సర్వేయరుని పిలిపిస్తే, బ్రోషర్లో ఉన్న రోడ్డు నేల మీద లేదని తేలింది. కాగితం మీద రేటు పెరగలేదా అంటే పెరిగింది. అమ్ముదామని చూస్తే మాత్రం ఆ రేటు చెప్పేవాడే గానీ ఇచ్చేవాడు దొరకలేదు.

వెలిగొండ సంగతే చూడండి. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లాడు ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగంలో చేరి, రెండు కంపెనీలు మారాక గానీ రెండో సొరంగం అవలేదన్నమాట. ప్రాజెక్టు వద్దని కాదు, మా ప్రాంతానికి అది ప్రాణం. కానీ ఆ పేరు చెప్పి అమ్మిన ప్లాటుకి ఈఎమ్ఐ కట్టేవాడి క్యాలెండరు వేరు, ప్రాజెక్టు క్యాలెండరు వేరు. ఇప్పుడు జిల్లా పేరు చెప్పి అమ్మేదీ అదే సరుకు, కవరు మారింది అంతే.

సరే, మరి బాడుగ లెక్క ఎలా వేయాలి? కింది అంకెలు ఉదాహరణకే. మీ వీధి అంకెలు మీరు పెట్టుకోండి.

మార్కాపురంలోనో గిద్దలూరులోనో రెండు పోర్షన్ల పాత ఇల్లు 30 లక్షలకి దొరికిందనుకుందాం. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. అంటే రెండుంపావు లక్షలు. సున్నం, కరెంటు వైరింగు, బాత్రూము రిపేర్లకి ఇంకో రెండు ముప్పావు. వెరసి 35 లక్షలు. ఒక్కో పోర్షనుకి ఆరువేలు వస్తే నెలకి 12 వేలు. ఏడాదికి పన్నెండు నెలలు లెక్కెయ్యకండి, పదకొండే వెయ్యండి. ఒక నెల ఖాళీ ఎలాగూ ఉంటుంది. లక్షా 32 వేలు. అందులో ఇంటి పన్ను, మోటారు కాలడం, పైకప్పు కారడం వగైరాలకి 22 వేలు తీసెయ్యండి. మిగిలేది లక్షా పదివేలు. 35 లక్షల మీద ఇది సుమారు 3.1 శాతం. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టు ఇంతకన్నా ఎక్కువే ఇస్తుంది, పైగా దానికి మోటారు కాలదు :-)

దీన్నే లోను మీద కొంటే ఇంకా విచిత్రం. 20 లక్షల అప్పుకి ఎనిమిదిన్నర శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే దగ్గర దగ్గర లక్షా 70 వేలు. బాడుగ మొత్తం పోసినా వడ్డీకే చాలదు. అమెరికా పుస్తకాల్లో రాసే "అద్దెకున్నవాడే నీ లోను కట్టేస్తాడు" అన్న సూత్రం మన చిన్న ఊళ్ళలో ఎందుకు పనిచెయ్యదో ఇప్పుడు అర్థమైందనుకుంటా. అక్కడ కుదిరిన చోట వడ్డీకీ అద్దె రాబడికీ మధ్య తేడా తక్కువ, ఇక్కడ అగాధం. ట్యాక్సులో లాభం ఉందిగా అంటారేమో. బాడుగలోంచి ఇంటి పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపు ఎలాగూ ఉంది. కానీ కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళు లోను వడ్డీని బాడుగ మేరకే తగ్గించుకోగలరు, మిగిలిన నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవడం కుదరదు.

అంటే వద్దేవద్దంటున్నానా? కాదు. కొనడంతో మొదలుపెట్టొద్దంటున్నా. మనలో చాలామందికి ఊళ్ళో ఒక ఇల్లు ఉంది. నాయనో తాతో కట్టింది. ముందు వరండా, మధ్య హాలు, వెనక వాడకుండా పడున్న రెండు గదులు, పాత సామాన్లు, విరిగిన మంచం. ఆ రెండు గదులే మీ మొదటి పెట్టుబడి. స్థలం ఉంది, గోడలున్నాయి, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. మూడు లక్షలు పెట్టి విడిగా దారి, బాత్రూము, వంటగట్టు, కరెంటు మీటరు పెట్టిస్తే, నెలకి 4,500 వచ్చినా పదకొండు నెలలకి 49,500. తొమ్మిదిన్నర వేలు ఖర్చులకి పోగా 40 వేలు. పెట్టిన మూడు లక్షల మీద పదమూడు శాతం పైనే. అదే ఖాళీ పెరట్లో ఏడు లక్షలతో కొత్తగా చిన్న పోర్షను కడితే, అయిదున్నర వేల బాడుగకి ఇదే పద్ధతిలో ఖర్చులు పోను ఏడు శాతం చిల్లర వస్తుంది. ఊరు అదే, బాడుగలూ అవే. పాత ఇల్లు కొన్నప్పుడు మింగేసింది స్థలం రేటు. తేడా అంతా అక్కడే ఉంది.

మా ఇంట్లో చేసింది ఇదే. 2016లో వెనక గదులు బాగుచేయించి టు-లెట్ బోర్డు పెట్టాం. వారంలో ఒక టీచరుగారి కుటుంబం దిగింది. నేను హైదరాబాదులో కూర్చుని ఎక్సెల్ షీటులో పదేళ్ళ బాడుగలు లెక్కేసుకుంటున్నా. ఏప్రిల్లో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కారణం ఒకటే, నీళ్ళు. మా ప్రకాశం పడమటి వైపు సంగతి తెలియని వాళ్ళకి చెప్తున్నా. ఇక్కడ ఇంటికి విలువ టైల్సుని బట్టి, ఫాల్సు సీలింగుని బట్టి రాదు. బోరులో నీళ్ళెంత లోతులో ఉన్నాయి, అవి ఫ్లోరైడు నీళ్ళా, మున్సిపాలిటీ నీళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తాయి, వచ్చినప్పుడు పట్టుకోడానికి సంపు ఉందా... ఇవి. నేను పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం కంటికి కనపడే వాటికి పోసి, నీళ్ళకి ఒక ప్లాస్టిక్ ట్యాంకుతో సరిపెట్టా. మా ఫీల్డు భాషలో చెప్పాలంటే స్క్రీన్లు అద్భుతంగా చేసి డేటాబేసు మర్చిపోయా. తర్వాత పదివేల లీటర్ల సంపు కట్టించాం. ఆ తర్వాత వచ్చిన వాళ్ళెవరూ నీళ్ళ కోసం ఖాళీ చెయ్యలేదు. మీరు ఏ ఇల్లు చూసినా మే నెలలో చూడండి. పక్కింటావిడని అడగండి, బ్రోకరుని కాదు.

కానీ ఆ తర్వాత వాళ్ళు రావడానికి అయిదు నెలలు పట్టింది. అది నీళ్ళ వల్ల కాదు. ఈ ముక్క రాయాలా వద్దా అని ఆలోచించి, రాయకపోతే మిగతాదంతా దండగ అనిపించి రాస్తున్నా.

సంపు కట్టాక ఇల్లు చూడ్డానికి ఒక నర్సమ్మ వచ్చింది. ఆస్పత్రి దగ్గర, అడ్వాన్సు చేతిలో పట్టుకునొచ్చింది. మా నాయన అంతా మాట్లాడి చివర్లో "మీరేమిట్లమ్మా?" అని అడిగాడు. ఆ అమ్మాయి చెప్పింది. నాయన "మా అబ్బాయిని అడిగి చెప్తా" అన్నాడు. ఆమెకి అర్థమైంది, మళ్ళీ రాలేదు. ఈ సంగతి ఆయన ఫోన్లో మామూలుగా చెప్పాడు. నాకు బెంగుళూరులో ఉద్యోగం కొత్తల్లో నలుగురు ఓనర్లు "ఏం తింటారు, ఏ కులం" అని అడిగి తలుపేసిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడు నా పేరు చెప్పి మా ఇంటి తలుపు అలాగే పడింది.

ఆ రోజు నాయనతో గట్టిగానే పోట్లాడా. "ఊళ్ళో ఉండేది నేనురా, నువ్వు కాదు" అన్నాడాయన. ఆ మాటకి నా దగ్గర జవాబు లేక ఎక్సెల్ షీటు తీశా. "నాయనా, ఖాళీగా ఉన్న అయిదు నెలలకి ఇరవై రెండున్నర వేలు పోయాయి. నువ్వడిగిన ప్రశ్న ఖరీదు అది" అన్నా. ఆయన ఏమీ మాట్లాడలేదు. నిజానికి నేను చెప్పాల్సింది డబ్బు సంగతి కాదు, కానీ ఆయనతో మాట్లాడగలిగిన భాష అదొక్కటే. తర్వాత వచ్చినాయన పలకల గనిలో లారీ నడిపేవాడు. నాయన ఉద్యోగం ఏంటని అడిగాడు, ఎంతమంది ఉంటారని అడిగాడు, అక్కడ ఆగాడు. వాళ్ళు మూడేళ్ళున్నారు. అమ్మ పోయాక ఒకరాత్రి నాయనకి ఊపిరాడకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే. నేను తెల్లారి రైలు దిగి మార్కాపూర్ రోడ్ స్టేషన్లో ఆటో ఎక్కేసరికి నాయన ఇంట్లో కాఫీ తాగుతున్నాడు. ఇది ఏ షీటులోనూ పట్టదు. పట్టించాలని కూడా లేదు, బాడుగకి ఇచ్చింది గదులే గానీ మనుషుల్ని కొనుక్కోలేదు కదా.

అంతా విని, అయినా కొంటామనేవాళ్ళకి నాలుగు మాటలు. ఈసీ పాతకాలం నుంచీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు అసలువి చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూసుకోండి. దేవాదాయ భూములు, అసైన్డు భూములు అందులోనే ఉంటాయి. డీ-పట్టా భూమి చవగ్గా వస్తోందని ఆశపడొద్దు. 1977 చట్టం వల్ల అవి అమ్మడానికీ కొనడానికీ పెద్ద చిక్కులున్నాయి. లాయరుకిచ్చే అయిదువేల దగ్గర పిసినారితనం పనికిరాదు. ఇక అమెరికాలో ఉన్నవాళ్ళకి: ఇల్లు మీ పేరున ఉంటే, బాడుగ ఎంత తక్కువైనా అద్దెకుండేవాళ్ళు టీడీఎస్ కోసి కట్టాలి. చిన్న ఊళ్ళో అద్దెకుండే మనిషి నెత్తిన ఆ పని పెట్టడం ఎంత కష్టమో ముందే ఆలోచించుకోండి.

జిల్లా కేంద్రం అయింది కాబట్టి ఆఫీసులొస్తాయి, ఉద్యోగులొస్తారు, బాడుగలు పెరగొచ్చు. నేను కాదనను. పెరిగితే, ఇప్పటికే నీళ్ళూ దారీ బాత్రూమూ ఉన్న పోర్షనుకి ముందు పెరుగుతుంది. చిల్లచెట్లకి కాదు.

మార్కాపురం, కంభం, గిద్దలూరు వీధుల్లో ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒకసారి నడవండి. తాళాలేసిన ఇళ్ళు లెక్కపెట్టండి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో ఉంటారు. ఇళ్ళు ఇక్కడ పెచ్చులూడుతుంటాయి. ఆ ఇళ్ళ యజమానులే ఊరి బయట సెంటు రేటు అడుగుతూ ఫోన్లు చేస్తుంటారు. ఆ తాళం తీయడమే అన్నిటికన్నా తక్కువ బడ్జెట్ పెట్టుబడి అని నేనంటా. మీరేమంటారు?

అన్నట్టు మా బావ మళ్ళీ ఫోన్ చేశాడు. ఇదంతా చెప్పా. ఓపిగ్గా విన్నాడు. "సరే, ఇంతకీ సెంటు ఎంత?" అన్నాడు.