మా ఊళ్ళో కిరాయి తక్కువే.. అయితే?

నెలకోసారైనా లంచ్ టేబుల్ దగ్గర ఎవరో ఒకరు నాకో ఉచిత సలహా పారేస్తుంటారు. "నీకేంటి భయ్యా, మీది కామారెడ్డేగా! హైబ్రిడ్డే కదా, అక్కడ్నుంచే వచ్చిపోవచ్చుగా. కొండాపూర్లో ఇంతింత కిరాయి కట్టడం దేనికి?"

ముందుగా ఒక సవరణ. మాది కామారెడ్డి కాదు మహాప్రభో, ఎల్లారెడ్డి. కామారెడ్డికి రైలుంది, నేషనల్ హైవే 44 ఉంది, 2016 నుంచి జిల్లా కేంద్రం కూడా. 2023 ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రినీ, కాబోయే ముఖ్యమంత్రినీ ఒకే దెబ్బకి ఓడించిన చోటు. ఎల్లారెడ్డి అక్కడికి నలభై పైచిలుకు కిలోమీటర్లు, లింగంపేట దాటాక వస్తుంది. రైలు లేదు, బస్సే గతి.

రెండో సంగతి.. ఆ సలహా నేను మూడేళ్ళు పాటించాను. అందుకే ఇంత మంట.

2022లో మా కంపెనీ వారానికి ఒక్కరోజు ఆఫీసుకొస్తే చాలంది. మేం కామారెడ్డిలో 9 వేలకి ఇల్లు తీసుకున్నాం. కొండాపూర్లో అలాంటిదే 28 వేలు. నెలకి 19 వేల తేడా! పైగా అమ్మా బాపూ గంటన్నర దూరంలో ఉంటారు. ఇంకేం కావాలి, స్నేహితులందరికీ నా తెలివితేటల గురించి లెక్చర్లు కూడా ఇచ్చాను.

లెక్క చూడండి. గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా మూడు గంటలు, రానూపోనూ ఆరు. (రైలు సికింద్రాబాద్ దాకానే. అక్కడ్నుంచి హైటెక్ సిటీకి చేరడం ఇంకో యాత్ర.) రోజు ఖర్చు 500 అనుకుందాం. నెలకి నాలుగు రోజులైతే ఖర్చు 2 వేలు, మిగులు 17 వేలు, రోడ్డు మీద 24 గంటలు. అంటే గంటకి 700 పైనే గిట్టుతోంది. బాగానే ఉంది బేరం.

2024లో కంపెనీ నుంచి ఓ మెయిలొచ్చింది. వారానికి మూడు రోజులు రావాలిట. "సహకార సంస్కృతి" పెరగాలిట. సరే, మళ్ళీ లెక్క. నెలకి 13 రోజులు, ఖర్చు 6,500, మిగులు 12,500, ప్రయాణం 78 గంటలు. గంటకి 160 రూపాయలు. నాలుగు రోజులంటే? 17 రోజులు, మిగులు 10,500, ప్రయాణం 102 గంటలు. గంటకి 103! ఇల్లు అదే, కిరాయి అదే, నేనూ అదే. మారింది ఆ మెయిల్లో ఒక్క అంకె. ఆ అంకె నా చేతిలో లేదు. నా ఇల్లు మాత్రం దాన్ని నమ్ముకుని ఉంది.

అసలు దెబ్బ డబ్బుది కూడా కాదు. 2025 ఆగస్టు 26 రాత్రి రిలీజ్ ఉండి హైదరాబాద్‌లో ఫ్రెండ్ రూంలో పడుకున్నా. పొద్దున్నే బయల్దేరితే వినాయకచవితి పూజకి ఇంట్లో ఉంటాననుకున్నా. ఆ రోజు కామారెడ్డి జిల్లాలో పడ్డ వాన మీకు గుర్తుండే ఉంటుంది. భిక్కనూర్, తలమడ్ల మధ్య రైలుపట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీద వాహనాలు ఆగిపోయాయి, కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. ఆ ఊళ్ళో మా ఆవిడ, ఏడాదిన్నర పాప. ఇక్కడ నేను, చేతిలో ఛార్జింగ్ అయిపోతున్న ఫోను. ఇంటికి చేరేసరికి రెండ్రోజులు పట్టింది. మా వీధిలోకి నీళ్ళు రాలేదు కాబట్టి ఇవాళ ఇలా రాయగలుగుతున్నాను. ఆ 12,500 మిగులు ఆ రెండ్రోజుల్లో నాకు ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

"రెండో లైను పడుతుందిగా" అంటారు కొందరు. నిజమే, ముద్‌ఖేడ్ - మేడ్చల్ డబ్లింగుకి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పడితే సంతోషమే. కానీ కిరాయి ఇవాళ్టిది, లైను రేపటిది. రేపటి లైన్ని చూపించి ఇవాళ ప్లాట్లు అమ్మేవాళ్ళది ఇంకో గోల. "ఓఆర్ఆర్‌కి గంటే సార్!" ఓఆర్ఆర్ మీద నాకేం పని స్వామీ, నా ఆఫీసు దాని మీద లేదు కదా :)

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ సర్వేల వివరాలు పట్టుకుని 2008లో ఒక పేపర్ వేశారు. ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్ళకి దానికి తగ్గట్టు మంచి జీతమో, చవకిల్లో దక్కి లెక్క సరిపోవాలి కదా? సరిపోవట్లేదని తేల్చారు. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతోందట.

దీనికి జర్మనీ దాకా కూడా పోనక్కర్లేదు, మా ఇంట్లోనే ఉంది. బాపు ఇరవై ఆరేళ్ళు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పల్లెవెలుగు బస్సులో వెళ్ళొచ్చాడు. సొంతిల్లు ఉండగా అక్కడ కిరాయి దండగని. రోజుకి మూడు గంటలు, ఏడాదికి 280 రోజులు వేసుకోండి. 21,840 గంటలు. అంటే 910 రోజులు, రాత్రింబవళ్ళు. రెండున్నరేళ్ళు బస్సులోనే! నా చిన్నప్పుడు బాపు అంటే ఆదివారం కనిపించే మనిషి.

మొన్న దసరాకి అడిగాను, అంత తిరిగితే ఏం మిగిలింది బాపూ అని. "నీ ఇంజనీరింగ్ ఫీజుకే అక్కరకొచ్చినయి గద బిడ్డా" అన్నాడు.

నోరు మూతపడింది. ఆయన లెక్క తప్పని అనే హక్కు నాకు లేదు. ఆ జీతంతో ఆయనకి వేరే దారి లేదు. నాకుంది. దారి ఉండి కూడా, 160 రూపాయలకి గంట చొప్పున మా పాపకి ఆదివారం నాన్నని ఇవ్వడం పొదుపు కాదు, పిసినారితనం.

నవంబర్లో కొండాపూర్ వచ్చేశాం. ఇది మాత్రం ఉచితం అనట్లేదు. అమ్మా బాపూ దూరమయ్యారు. నెలకి రెండుసార్లు ఎల్లారెడ్డి పోతున్నాం, అదీ ప్రయాణమే. కాకపోతే అది నేను ఎంచుకున్న ప్రయాణం.

కాబట్టి లంచ్ టేబుల్ సలహాదారులకి నా మనవి. కిరాయి ఒక్కటీ చూసి లెక్క చెప్పకండి. గంటలు వేయండి. ఆఫీసు రోజులు ఎన్నో అడగండి, అది ఆఫర్ లెటర్లో రాసుందా, ఎప్పుడైనా మారే పాలసీలో ఉందా చూడండి. పాలసీ అయితే ఐదు రోజులకి లెక్కేయండి. అప్పటికీ గిట్టితే నిక్షేపంగా కామారెడ్డిలో ఉండండి, మంచి ఊరు. గిట్టకపోతే ఆఫీసు దగ్గర ఓ చిన్నిల్లు చూసుకోండి. గది ఒకటి తక్కువైనా ఫర్వాలేదు. పాప మేలుకుని ఉండగానే ఇంటికి చేరతారు.